పై పన్ను

జూన్ 15, ఆదివారం

హేమంత్ రిపోర్టులు వచ్చాయి. రెండు కిడ్నీలూ కలిపి పావు వంతు కూడా పనిచేయడం లేదట. నా తమ్ముడికి ఇంకా నలభై రాలేదు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ పిల్లలకి రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మనిషి. ఫోన్‌లో నవ్వుతూనే చెప్పాడు. "కొలిచి తాగమన్నారక్కా నీళ్ళు. కాలవ గట్టున ఇల్లు కట్టుకుని ఏం సుఖం?"

ఆయన, నేను, సుహాసిని ముగ్గురం గుడివాడ వెళ్ళాం. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. వంటింట్లో నన్ను పక్కకి లాగింది.

"నీ కూతురికి పై పన్ను ముందొచ్చినప్పుడే చెప్పాను. పై పన్ను ముందొస్తే మేనమామకి గండం, శాంతి చేయించండి అన్నాను. విన్నారా? నువ్వో పెద్ద చదువు, వాడో పెద్ద చదువు."

ఒళ్ళు మండిపోయింది. గూడూరు హైస్కూల్లో ఇన్నేళ్ళుగా ఫిజిక్సు చెప్తున్నాను, ఇంట్లో మా అమ్మకి మాత్రం ఒక్క ముక్క ఎక్కించలేకపోయాను. పసిపిల్ల చిగుళ్ళలో కింది పన్ను ముందొచ్చిందా, పై పన్ను ముందొచ్చిందా అన్నదాన్నిబట్టి గుడివాడలో ఒకడి కిడ్నీలు పాడవుతాయా? "ఇంకోసారి ఈ మాటెత్తితే నీ గుమ్మం తొక్కను" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ సరదాగానే నడిచింది. సుహాసినిని హేమంత్ ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ గండమ్మా అనే పిలుస్తాడు. "ఏమే గండమ్మా, ఇవాళ కూడా నన్ను బతకనిచ్చావా?" అంటాడు, అది వెళ్ళి వాడి వీపెక్కుతుంది. పన్నెండేళ్ళొచ్చినా ఎక్కుతుంది.

సుహా అప్పుడు వసారాలో బొమ్మ వేసుకుంటోంది. వినలేదు.

జూన్ 17

వినలేదు. వింటే అడిగేది. దానికి అడగకుండా ఉండడం చేతకాదు.

జూన్ 21, శనివారం

సుహా పై పళ్ళు కాస్త ఎత్తు. ఇప్పుడు చూపిస్తేనే మంచిది, తర్వాత ఎముక గట్టిపడితే కష్టం. ఇందులో ఇంకో ఆలోచన ఏమీ లేదు. మా స్కూల్లో కూడా ఇద్దరు ముగ్గురు పిల్లలు క్లిప్పులు పెట్టించుకున్నారు.

స్కూల్లో ఎవరైనా పళ్ళ గురించి ఏడిపిస్తున్నారా అని సుహాని అడిగాను. లేదంది. ఏడిపిస్తూనే ఉంటారు, పిల్లలు ఇంట్లో చెప్పుకోరు.

జూలై 5, శనివారం

డాక్టర్ కృపావతి గారి దగ్గరికి వెళ్ళాం. మా బందరులో పిల్లల పళ్ళకి క్లిప్పులు పెట్టడంలో ఆవిడకి మంచి పేరు. ఎక్స్‌రే తీశారు, పింక్ రంగు ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీశారు. క్లిప్పులు పెట్టించమన్నారు. చోటు కోసం వెనక పళ్ళు కొన్ని తీసి, ముందు పళ్ళని నెమ్మదిగా లోపలికి జరుపుతారట. రెండేళ్ళు పడుతుంది.

సుహా శ్రద్ధగా విని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "వెనకవి ఎందుకండీ, ముందువే తీసేయొచ్చు కదా?"

కృపావతి గారు నవ్వారు. "ముందు పళ్ళు తీసేస్తే దేంతో నవ్వుతావమ్మా?"

అది నవ్వలేదు. దారిలో ఆయన స్కూటర్ ఆపి చెరకురసం ఇప్పిస్తానంటే వద్దంది.

జూలై 26

పళ్ళు తీశారు. సుహా కుర్చీ పిడి పట్టుకుని కూర్చుంది, కిక్కురుమనలేదు. ఇంటికొచ్చాక నొప్పి మాత్ర ఇస్తే నాలిక కింద దాచి, పెరట్లో ఉమ్మేసిందని ఆయన చూసి చెప్పారు. అడిగితే "నొప్పి లేదు" అంది. బుగ్గ బూరెలా వాచి ఉంది.

ధైర్యం గల పిల్ల. నాకంటే నయం.

ఆగస్టు 16

క్లిప్పులు పెట్టారు. పెరుగన్నం, మెత్తటి పప్పన్నం తప్ప ఏమీ తినలేకపోతోంది. ఒక్కసారి కూడా ఏడవలేదు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తీగలు కనిపిస్తాయని సిగ్గు. ఈ వయసులో మామూలే.

సెప్టెంబర్ 14, ఆదివారం

హేమంత్ మా ఇంటికి రావడం మానేశాడు. అంతకుముందు ప్రతి వారం వచ్చేవాడు, పెడన దాటగానే ఫోన్ చేసి "అక్కా, బియ్యం కడుగు" అనేవాడు. ఇప్పుడు నీరసం, ప్రయాణాలు వద్దన్నారు. నిజమే కదా.

మేమే వెళ్తున్నాం. సుహా రావడం లేదు. పరీక్షలంటుంది, తలనొప్పంటుంది. నేను బలవంతపెట్టడం లేదు. స్కూలుకి వెళ్ళే పిల్ల, ఏ జలుబో జ్వరమో వాడికి అంటిస్తే మళ్ళీ అదొకటి.

ఇవాళ వాడు సుహాతో ఫోన్‌లో మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక అది నా దగ్గరికి వచ్చింది.

"మావయ్య నన్ను సుహాసినీ అన్నాడు."

"నీ పేరదే కదే."

"మావయ్య ఎప్పుడూ అలా పిలవలేదు" అని వెళ్ళిపోయింది.

అక్టోబర్ 28

తుఫానని స్కూళ్ళకి సెలవు. కరెంటు లేదు. ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం, అందువల్లే గొడవ వచ్చింది.

సుహా చిక్కిపోయిందని ఆయన అన్నారు. క్లిప్పులకి అందరూ కొన్నాళ్ళు చిక్కుతారన్నాను. "అసలు ఇప్పుడే ఎందుకు పెట్టించావు?" అన్నారు.

"డాక్టర్ గారు చెప్పారు కదా, మీరూ ఉన్నారు కదా."

"నేనూ ఉన్నాను కాబట్టే అంటున్నాను. పెద్ద ఎత్తేం కాదు, పాపకి ఇష్టమైతే చేద్దాం, లేకపోతే ఏడాదాగి చూద్దాం అన్నారావిడ. నువ్వే లేదండీ, వెంటనే మొదలుపెట్టండీ అన్నావు."

అలా అన్నారా? ఈయనకి ఎప్పుడూ వినపడేది సగమే. నాకు గుర్తున్నంతవరకు చేయించమనే అన్నారు. మా ఆయన ఫణీంద్ర గారు ట్రెజరీ ఆఫీసులో బిల్లులకి అడ్డం పడ్డట్టు ఇంట్లో కూడా ప్రతిదానికీ ఒక కొర్రీ వేస్తారు.

"మీ అమ్మ అన్న మాట పట్టుకుని చేస్తున్నావా లలితా?" అన్నారు. మెల్లగానే అన్నారు.

సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నన్ను అంత మాట అంటారా?

అక్టోబర్ 29

జూలై 5న రాసింది మళ్ళీ చూశాను. పెట్టించమన్నారు అనే ఉంది. రాసింది నేనే కదా.

నవంబర్ 30, ఆదివారం

హేమంత్‌కి డయాలసిస్ మొదలుపెట్టారు. వారంలో మూడుసార్లు. మిషన్ పక్కన వాణ్ణి చూడలేక బయటికి వచ్చేశాను. అమ్మ నా వెనకే వచ్చి పక్కన నిలబడింది. ఏమీ అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని.

ఇంటికొచ్చి సుహాని నోరు తెరవమన్నాను. పళ్ళు ఎంత లోపలికి వెళ్ళాయో చూశాను. పెద్దగా కదల్లేదు.

ఎందుకు చూశానో తెలియదు. తల్లిని, చూస్తాను.

డిసెంబర్ 6

కృపావతి గారు రబ్బర్లు ఇచ్చారు. సన్నగా, చిన్న చిన్న ఉంగరాల్లా ఉన్నాయి. పై పళ్ళ కొక్కెం నుంచి కింది వెనక పంటికి తగిలించుకోవాలి. పక్కకి ఒక్కటే. అవే పై పళ్ళని వెనక్కి లాగుతాయి.

"ఎక్కువ లాగితే తొందరగా వెళ్తాయా అండీ?" అని సుహా అడిగింది.

"పళ్ళు నెమ్మదిగా నడవాలమ్మా. పరిగెత్తిస్తే ఎముక అందుకోలేదు" అన్నారు. అది తలూపింది.

నేను ఇంకో ప్యాకెట్ అడిగి తీసుకున్నాను. ఊరికే, అయిపోతాయని.

జనవరి 4

సుహా అన్నం సరిగ్గా తినడం లేదు. చలికి చిగుళ్ళు జివ్వుమంటాయి, అందుకే.

జనవరి 23, శుక్రవారం

ఇది రాయాలని లేదు, అయినా రాస్తాను.

పొద్దున సుహా పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా వచ్చింది. నోరు తెరవమన్నాను. తెరవనంది. ఆయన కూడా వచ్చి బతిమాలితే తెరిచింది. పక్కకి ఒక్కటి ఉండాల్సిన రబ్బర్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, వేలు పెడితే వీణ తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. ముందు పన్ను ఒకటి నా వేలికి కదిలింది. పైన చిగురు నల్లబడింది.

చెంపమీద ఒక్కటి వేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎందుకు చేశావే?" అంటే చెప్పలేదు. "నొప్పి వేయలేదా?" అంటే, "వేసింది" అంది. అంతే.

కృపావతి గారికి ఫోన్ చేశాం. వెంటనే తీసేయమన్నారు, రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. ఇద్దరం చెరో పక్కా కూర్చుని ఒక్కొక్కటే తీశాం. అది కళ్ళు మూసుకుని "వద్దు నాన్నా, ఇంకొన్నాళ్ళు ఉంచండి" అంటూనే ఉంది.

జనవరి 24, శనివారం

ఎక్స్‌రే తీశారు. కృపావతి గారు దాన్ని వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. పన్ను నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. తీగ వదులు చేశారు, కొన్ని నెలలు ఏదీ లాగకుండా వదిలేయాలన్నారు. సుహా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఎందుకమ్మా అంత తొందర? రెండేళ్ళని చెప్పాను కదా."

సుహా నా వైపు చూసింది. నేను బయటికి వెళ్ళనా అని అడిగాను. అక్కర్లేదంది.

"రెండేళ్ళయితే మావయ్య ఉండడండీ" అంది. "పై పళ్ళు వెనక్కి వెళ్తే మావయ్యకి తగ్గుతుంది."

ఆవిడకి అర్థం కాలేదు. "మీ మావయ్యకీ నీ పళ్ళకీ ఏంటమ్మా సంబంధం?"

అప్పుడు అది చెప్పింది. పై పన్ను ముందొస్తే మేనమామకి గండం, మా అమ్మమ్మ శాంతి చేయించమంటే చేయించలేదు, అందుకని మా అమ్మ క్లిప్పులు పెట్టించింది. పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది. తీగల మధ్య నుంచి మాటలు కాస్త నత్తిగా వస్తున్నాయి.

క్లిప్పుల గురించి నేను దానికి ఎప్పుడూ అలా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయలేదు.

కృపావతి గారు నా మొహం చూసి, మళ్ళీ దాని వైపు తిరిగారు. "నీకు ముందొచ్చింది పాలపన్ను కదమ్మా. అది ఎప్పుడో ఊడిపోయింది. ఇవి తర్వాత వచ్చిన పళ్ళు. ఈ పళ్ళు ఎవర్నీ ఏమీ చేయలేదు."

పాలపన్ను. ఆరేళ్ళప్పుడు ఊడింది. నా చేత్తోనే ఇంటి కప్పు మీదకి విసిరాను. ఇన్ని నెలల్లో ఈ ముక్క నాకు తట్టలేదు. బీఎస్సీ, బీఈడీ.

ఇంటికొచ్చి హేమంత్‌కి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. పాలపన్ను సంగతీ చెప్పాను.

"నాకూ తట్టలేదక్కా" అన్నాడు.

"నీకెందుకురా తట్టడం? నువ్వు నమ్మవు కదా."

"నమ్మను. కానీ జూన్ నుంచి దాన్ని గండమ్మా అనడానికి నోరు రాలేదు. మీ ఇంటికి రావాలన్నా కాళ్ళు రాలేదు. నీరసమని నీకు చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. సిగ్గుమాలిన నవ్వు. ఆ నమ్మకం తప్పని తేలినందుకు కాదు, పన్ను వేరని తేలినందుకు తేలికపడ్డాం, ఇద్దరం మాస్టర్లం.

జనవరి 25, ఆదివారం

సుహా కూడా తేలికపడిందనుకున్నాను. మధ్యాహ్నం జావ తాగుతూ అడిగింది.

"ఆ పన్ను ఊడిపోయింది కదమ్మా. అంటే ఇంక సరిచేయడానికి ఏమీ లేనట్టే కదా?"

ఇన్నాళ్ళూ దానికి కనీసం చేయడానికి ఒక పని ఉండేది. అది కూడా తీసేసుకున్నాం.

"అలా కాదే" అన్నాను. ఎలాగో చెప్పలేకపోయాను. న్యూటన్ సూత్రాలు నిద్రలో లేపినా చెప్తాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

హేమంత్ వచ్చాడు. బస్సులో వద్దు, కారు మాట్లాడుకోమంటే వినకుండా బస్సులోనే వచ్చాడు. మొహం ఉబ్బి ఉంది, ఎడమ చేతికి డయాలసిస్ సూదులకని చేసిన ఫిస్టులా ఆపరేషన్ కట్టు ఉంది. సుహా గది గుమ్మంలో నిలబడింది, దగ్గరికి వెళ్ళలేదు. వాడే వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. తలుపు తీసే ఉంది, నేను హాల్లో ఉన్నాను.

"నాకిది ఎందుకొచ్చిందో తెలుసా?" అన్నాడు.

అది తల అడ్డంగా ఊపింది.

"బీపీ. ముప్ఫై దాటగానే వచ్చింది. మాత్రలు వేసుకోమన్నారు. వేసుకుంటే ముసలాడినైపోయినట్టుంటుందని వేసుకోలేదు. మీ అత్తకి వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. మీ అమ్మకీ చెప్పలేదు. అది లోపల్లోపల తినేసింది. డాక్టర్ చెప్పిన మొదటి రోజే నాకు తెలుసు."

"మరి అమ్మమ్మ అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నా తప్పని చెప్పాలంటే సిగ్గేసింది. నీ మీదకి పోతే పోనీలే అని ఊరుకున్నట్టే కదా."

అది వచ్చి వాడి పక్కన కూర్చుంది. తర్వాత వాడి చేతి కట్టు మీద వేలు పెట్టింది. "నొప్పా?"

"నీ పంటి కంటే తక్కువే" అన్నాడు.

నాకు వాడి మీద పట్టలేనంత కోపం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి కుదేశాను. పిల్ల పన్ను ఊడే దాకా వచ్చింది, వీడు సిగ్గుపడ్డాడట. తర్వాత ఉప్పు లేకుండా పప్పు వండి పెట్టాను. ఏం చేస్తాం.

వాడు వెళ్ళాక సుహా నా దగ్గరికి వచ్చింది. నేను బట్టలు మడతపెడుతున్నాను.

"అమ్మా, నువ్వెందుకు పెట్టించావు క్లిప్పులు?"

ఎత్తు అనబోయాను. స్కూల్లో పిల్లలు అనబోయాను. అది నా కళ్ళలోకే చూస్తోంది.

"భయమేసిందే" అన్నాను. "నీ పళ్ళంటే భయమేసింది. నేను అలాంటివి నమ్మనని అందరికీ చెప్పుకుంటూనే భయపడ్డాను. తప్పు నాది."

ఏడుస్తుందనుకున్నాను. అరిస్తే పడదామనుకున్నాను.

"నాకు తెలుసమ్మా" అంది. "చిన్నప్పటినుంచీ నేను నవ్వినప్పుడల్లా నువ్వు మావయ్య వైపు చూసేదానివి."

నా చేతిలో ఉన్న చొక్కా తీసుకుని, మడత విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

ఫిబ్రవరి 3

చూసేదాన్నా? నాకు గుర్తులేదు. అది అబద్ధం చెప్పదు.

ఫిబ్రవరి 5

కృపావతి గారు చూశారు. పన్ను ఇంకా కదులుతోంది. ఆగమన్నారు. క్లిప్పులు తీయించుకుంటావా, కొనసాగిద్దామా, పన్ను గట్టిపడ్డాక నువ్వే చెప్పమ్మా అని సుహానే అడిగారు. ఆలోచించి చెప్తానంది. ఈసారి నేను మధ్యలో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

గుడివాడ వెళ్ళాం. సుహా కూడా వచ్చింది, జూన్ తర్వాత మళ్ళీ ఇవాళే. అమ్మ దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది. నేను అమ్మతో పోట్లాడదామని నాలుగు మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, పోట్లాడలేదు. అమ్మ అన్నది పైకి, నేను చేసింది చాటుగా. అంతే తేడా.

అందరం కింద కూర్చుని భోంచేశాం. హేమంత్ మొన్న మిషన్ మీద ఉన్నప్పుడు పక్క మంచం పెద్దాయన నిద్రలో పాడిన హరికథ గురించి చెప్పాడు. ఆయనలాగే తల ఊపుతూ పాడి చూపించాడు. సుహాకి నవ్వొచ్చింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆగలేక చెయ్యి తీసేసింది. తీగలు, కదిలే పన్ను, నల్లబడ్డ చిగురు అన్నీ బయటపెట్టి నవ్వింది.

నేను కంచంలోకే చూడాలనుకున్నాను. దారి పొడవునా బస్సులో అదే అనుకుంటూ వచ్చాను. అయినా నా తల తమ్ముడి వైపు తిరిగింది. తిప్పుకునేసరికి సుహా నన్నే చూస్తోంది.

నన్ను చూస్తూ కూడా నవ్వు ఆపలేదు.